టర్బో మింగిన గుడ్డ

“నేను మరువలే బిడ్డా. నా షెడ్డుల గుడ్డ మరిచే ముచ్చటనే లేదు.”

పొద్దుటి నుంచి ఐలయ్య నోట ఇదొక్కటే మాట. ఎస్సై శ్రీనివాసులుతో అన్నాడు, స్టేషన్ రైటర్‌తో అన్నాడు, ఆఖరికి టీ తెచ్చిచ్చిన కానిస్టేబుల్‌తో కూడా అన్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఇప్పుడు డిటెక్టివ్ సౌజన్యతో అంటున్నాడు. వినడానికే వచ్చిన మనిషి కాబట్టి ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

సౌజన్యకు మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్ పైఅంతస్తులో చిన్న ఆఫీసు. పెళ్ళి సంబంధాల ఆరాలు తీసి తీసి విసుగెత్తి ఉన్న సమయంలో, ఈ పొద్దున ఐలయ్య భార్య నీలమ్మ మెట్లెక్కి వచ్చింది. “మా ఆయనను జైలుకు పంపుతరట మేడం. ఆయన చెయ్యి అసొంటిది కాదు” అని బల్ల మీద తలపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపులో నటన లేదు. సౌజన్య వెంటనే బ్యాగు సర్దుకుంది.

కేసు చూడబోతే చిన్నదే. మదీనాగూడలో ఐలయ్యకు షెడ్డు ఉంది. పాత టర్బో డీజిల్ కార్లను విప్పి, అరిగిన ఇంజన్లను మళ్ళీ కట్టి, పెద్ద టర్బో బిగించి, కంపెనీ ఇచ్చిన దానికంటే ఎక్కువ బలం రప్పించడం ఆయన విద్య. ఐటీ కుర్రాళ్ళు ఆదివారం పూట సినిమాకైనా పోరు గాని ఆయన షెడ్డుకు పోతారు. వాళ్ళలో ఒకడు కిరణ్ పాల్. చనిపోయిన తండ్రి నడిపిన కారును ఎవరెన్ని చెప్పినా అమ్మనని, ఇంజనంతా ఐలయ్య చేత కొత్తగా కట్టించాడు. షెడ్డులోంచి బయటికొచ్చాక బండి వారం పాటు గుర్రంలా పరిగెత్తింది.

మొన్న పొద్దున ఆఫీసుకు పోతుంటే, గచ్చిబౌలిలో ఫ్లైఓవర్ ఎక్కేచోట ఇంజను దానంతటదే అరవడం మొదలెట్టింది. వెనకంతా తెల్లటి పొగ. తాళం తిప్పినా ఆగలేదు. బండి పోయి గోడకు కొట్టుకుంది. కుర్రాడు ఐసీయూలో ఉన్నాడు, ఇంకా కళ్ళు తెరవలేదు. మెకానిక్ నిర్లక్ష్యమని కేసు కట్టారు. ఈ సాయంత్రం ఐలయ్యను మెజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. అంటే సౌజన్యకు మిగిలింది ఈ మధ్యాహ్నం ఒక్కటే.

“గుడ్డ సంగతి చెప్పన్నా. నాకేం తెల్వదనుకుని చెప్పు” అంది.

“టర్బో అంటే గాలిని గుంజే చక్రం బిడ్డా. మనం ఊపిరి తీస్కున్నట్టు మెల్లగ గాదు, సుడిగాలి గుంజినట్టు గుంజుతది. పని చేసేటప్పుడు దాని నోరు తెరుచుకుని ఉంటది. అండ్ల ఒక్క నట్టు పడ్డా ఇగ అంతే సంగతి. అందుకే నోట్ల గుడ్డ కుక్కుతం. అందరు కుక్కుతరు. కానీ నా దగ్గరి గుడ్డకు తోక ఉంటది.”

“తోకా?”

“ఎర్ర గుడ్డ. దానికి పొడుగు తాడు. ఆ తాడును తెచ్చి స్టీరింగుకు కడ్తం. గుడ్డ తీయకుండ ఎవ్వడన్న బండ్ల కూసుంటే తాడు మొహానికి తగుల్తది. నా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. తాడు కట్టనోనికి నా షెడ్డుల ఛాయ్ గూడ దొరకది.” చెబుతుంటే ఐలయ్య గొంతులో కాస్త పౌరుషం వచ్చింది. “ఆ పిలగాని బండికి నా చేతులతోనే కట్టిన, నా చేతులతోనే ఇప్పిన. యేసు సాక్షిగ అంటె నవ్వుతవేమో గానీ, ఆ పిలగానోళ్ళ దేవుని మీద ఒట్టేసి చెప్త.”

సౌజన్య నవ్వలేదు. ఆ మాటల్లో అబద్ధం వాసన తగల్లేదు.

“ఏవమ్మాయ్, ఇక్కడ కూడా నువ్వేనా!”

గుమ్మంలో భీమేశ్వరరావు. బీమా కంపెనీ తరఫున యాక్సిడెంట్ బండ్లను పరిశోధించే మనిషి. ఒకప్పుడు సౌజన్య ఆయన కిందే పనిచేసింది. విరిగిన ఇనప ముక్కను చూసి అది ఎప్పుడు విరిగిందో చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకుంది. తర్వాత ఒక కేసులో ఆయన రిపోర్టు తప్పని నలుగురి ముందూ అనేసి ఉద్యోగం వదిలి వచ్చేసింది. అప్పటి నుంచి ఎక్కడ కలిసినా ఇద్దరికీ ఉప్పూ నిప్పే. ఇస్త్రీ చొక్కా నలగకుండా వచ్చి కూర్చుని, ఆయన ఫోను తీసి ఐలయ్య ముందు పెట్టాడు.

“ఇదిగోనండి, తమరి తోక.”

ఫోటోలో టర్బో చక్రం ఉంది. రెక్కలు విరిగి, వంగిపోయి ఉన్నాయి. ఇరుసు చుట్టూ తెల్లటి పోగులు బిగుసుకుపోయి ఉన్నాయి. వాటి మధ్య ఒకచోట సన్నని ఊదారంగు దారం కనిపిస్తోంది.

“ఇంజన్ లోపల మా చేతికి చిక్కిందండి. ఇది గుడ్డ కాదంటారా?”

ఐలయ్య వంగి చూశాడు. చూసి, కళ్ళు చికిలించి, మళ్ళీ చూశాడు. అంతే. అప్పటిదాకా నిటారుగా కూర్చున్న మనిషి వెనక్కి వాలిపోయాడు.

“పిలగానికెట్లున్నది?” అని అడిగాడు.

“ఇంకా తెలివి రాలేదండి” అన్నాడు భీమేశ్వరరావు.

“వాళ్ళమ్మ ఏడున్నది?”

“ఎక్కడుంటారు? ఆసుపత్రిలోనే, ఐసీయూ బయట కూర్చుని ఉన్నారు.”

ఐలయ్య అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. “గుడ్డ నాదే” అన్నాడు.

సౌజన్య ఉలిక్కిపడింది. “అన్నా! ఏమంటున్నవ్? ఇప్పటిదాంక తాడు, తోక అని చెప్పింది నువ్వే గదా?”

“మరిచినట్టున్న బిడ్డా. వయసైపాయె.”

“నీకు యాభై గూడ దాటలే.”

“నాదే అంటున్న గదా! ఇంకేం గావాలె?” అని గోడ వైపు తిరిగాడు.

భీమేశ్వరరావు లేచి చొక్కా సర్దుకున్నాడు. “చూశావుగా? ఒక్క ఫోటో. నువ్వు గంట కూర్చుని రాబట్టలేనిది.”

“మీరు రాబట్టింది నిజం కాదు సార్” అంది సౌజన్య. “బండి చూద్దాం రండి.”

*

స్టేషన్ వెనక రేకుల కింద కారు పడి ఉంది. ముందు భాగం నుజ్జయింది, ఇంజను మాత్రం చాలావరకు నిలిచింది. ఎస్సై ఒక కానిస్టేబుల్‌ను తోడిచ్చి పంపాడు. సౌజన్య ముందు డ్రైవర్ సీటు వైపు వెళ్ళింది. స్టీరింగు పట్టుకుని తిప్పి చూసింది. కదల్లేదు.

“తాళం చెవి ఎక్కడ దొరికింది?”

“పిలగాని పిడికిట్లనే ఉండె మేడం” అన్నాడు కానిస్టేబుల్. “దవాఖానల వేళ్ళు ఇప్పి తీసిన్రు.”

ఇంజను ఎందుకు ఆగలేదో సౌజన్యకు తెలుసు. టర్బో చక్రం విరిగితే దాని నూనె ఇంజను లోపలికి పోతుంది. డీజిల్ ఇంజనుకు నూనె దొరికితే చాలు, తాళంతో పని లేదు, ఆ నూనె తాగుతూనే పరిగెడుతుంది. పాపం, కుర్రాడు భయపడి తాళం చెవి లాగేశాడు. లాగేసరికి స్టీరింగు బిగుసుకుపోయింది. ఎదురుగా గోడ.

“అయ్యో నాయనా” అంది పైకే.

“జాలిపడి ఏం లాభంలేమ్మా” అన్నాడు భీమేశ్వరరావు. ఆయన గొంతూ ముందున్నంత కరుగ్గా లేదు. “గొట్టంలో గుడ్డ మర్చిపోయాడు, బండి అది మింగింది. తేలిపోయిన కేసు.”

“గొట్టంలో మర్చిపోయిన గుడ్డ మొదటిసారి స్టార్ట్ చేసిన రోజే లోపలికి పోవాలి సార్. వారం రోజులు ఎట్లా ఆగింది?”

“ఎక్కడో మూల ఇరుక్కుని ఉంటుంది.”

“ఇరుక్కుంటే బండికి ఊపిరాడదు. ఎత్తు ఎక్కడం కష్టమై నల్లపొగ కక్కేది. వారం పాటు బ్రహ్మాండంగా నడిచిందని ఎఫ్ఐఆర్‌లోనే ఉంది. ఇవన్నీ మీరే నేర్పారు. వయసైపాయె అని మీరు కూడా అంటారా ఏమిటి?”

కానిస్టేబుల్ నవ్వాపుకోవడానికి అటు తిరిగాడు. భీమేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

సౌజన్య ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గరికి వంగింది. బండిలోకి వచ్చే గాలి ముందు ఆ డబ్బాలోని కాగితపు ఫిల్టర్‌ను దాటి, శుభ్రమై, పైమూత లోంచి గొట్టం గుండా టర్బోకు పోతుంది. మూత క్లిప్పులు ఊడదీసి ఎత్తింది.

కొత్త ఫిల్టర్ మీద, సరిగ్గా మధ్యలో, చతురస్రంగా ఒక జిడ్డు మరక ఉంది. అరచేయంత. అంచులు గీత గీసినట్టున్నాయి. వేలితో తాకి వాసన చూసింది. ఇంజన్ నూనె కాదు, డీజిల్ కాదు.

“గుడ్డ గొట్టంలో లేదు సార్. ఇక్కడ ఉంది. మడత పెట్టి, కొలిచినట్టు మధ్యలో పెట్టారు. కుక్కినవాళ్ళు ఇట్లా పెట్టరు.”

గొట్టం కూడా విప్పింది. మలుపులో ఒక పేలిక ఇరుక్కుని ఉంది. లాగితే రుమాలు మూల ఒకటి బయటికొచ్చింది. తెల్లటి నూలు గుడ్డ. అంచు వెంబడి ఊదారంగు దారంతో చేత్తో కుట్టిన చిన్నచిన్న కుట్లు. అంత ఇంజన్ నూనెలో నానినా ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

“మెకానిక్ షెడ్లలో వాడేది బనియన్ ముక్కలు. వాటికి అంచు ఎవరు కుడతారు, అదీ ఇంత ఓపిగ్గా?”

భీమేశ్వరరావు ఆ ముక్కను పట్టుకారుతో తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు చేదుమాత్ర. అందుకని ఇంకో వైపు నుంచి వచ్చాడు.

“సరే, గుడ్డ వాడిది కాదనుకో. మరి ఈ మూత నోటికి కంపెనీ ఇచ్చిన ఇనపజాలీ ఏదమ్మాయ్? గాలి ఎక్కువ పోవాలని తీసి పారేశాడు. జాలీ ఉంటే గుడ్డ కాదు కదా, దూది కూడా దాటేది కాదు. ఇది వాడి పనేగా?”

సౌజన్య చూసింది. నిజమే. జాలీ లేదు. బలం కోసం అందరూ తీసేస్తారు, ఐలయ్యా తీశాడు.

“అది ఆయన తప్పే సార్. దానికెంత శిక్షో అంతే పడాలి. చెయ్యని దానికి ఎందుకు పడాలి?”

“వాడే ఒప్పుకుంటున్నాడుగా?”

“అదే నాకు అర్థం కావట్లేదు. ఫోటో చూడకముందు గుడ్డ తనది కాదన్న మనిషి, చూశాక తనదే అంటాడేంటి?”

భీమేశ్వరరావు ఆ ముక్కను కవరులో వేసి కానిస్టేబుల్‌కు ఇచ్చాడు. సౌజన్య దాన్ని ఫోటో తీసుకుంటుంటే అడ్డు చెప్పలేదు. “నా రిపోర్టు సాయంత్రం దాకా ఆపుతాను. పోలీసుల్ని మాత్రం ఆపలేను” అన్నాడు. కాస్త ఆగి, “పోయి ఏదన్నా తిని వెళ్ళమ్మాయ్, మొహం పీక్కుపోయింది” అన్నాడు. ఆయన నోట అలాంటి మాట విని ఎన్నాళ్ళయిందో!

*

ఐసీయూ బయట వరసగా ఇనప కుర్చీలు. చివరి దాంట్లో కృపమ్మ కూర్చుని ఉంది. కిరణ్ పాల్ తల్లి. ప్రభుత్వ బడిలో కుట్లు అల్లికలు నేర్పే టీచరుగా చేసి రిటైరైంది. నేత చీర, చెరగని ఓపిక. సౌజన్య పరిచయం చెప్పుకోగానే పక్క కుర్చీ మీది సంచి తీసి చోటిచ్చింది.

“వందనాలమ్మా. కూర్చో. భోంచేశావా?”

సొంత బిడ్డ ప్రాణం తలుపు అవతల ఊగిసలాడుతుంటే వచ్చినవాళ్ళ తిండి సంగతి అడిగేవాళ్ళు ఉంటారా అంటే ఉంటారు, ఈవిడే సాక్ష్యం. బండి ఎవరెవరు ముట్టుకున్నారో అడగాలని వచ్చిన సౌజన్య నోరు తెరవబోయి ఆగిపోయింది.

కృపమ్మ చేతిలో తెల్లటి గుడ్డ ముక్క. సూది. ఊదారంగు దారం.

“ఏం కుడుతున్నారండి?” అని అడిగింది.

“ప్రార్థన రుమాలమ్మా. పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి, నూనె అద్దించి దగ్గర పెట్టుకుంటాం. పాతది కార్లో ఉండేది. యాక్సిడెంట్లో ఎక్కడ పడిపోయిందో ఏమో. వాడు లేచేసరికి కొత్తది సిద్ధంగా ఉండాలని.”

“కార్లో ఎక్కడ ఉండేదండి?”

“గాలి డబ్బాలో.” కృపమ్మ చిన్నగా నవ్వింది. “నవ్వుకోకు. మా ఆయన ఆనందరావుగారికి ఆ బండంటే ప్రాణం. బండికి ముక్కు ఇదే కృపా, ఊపిరి పోయేచోటే ప్రార్థన ఉండాలి అని మూత తెరిచి చూపించారు. ఆయన పోయాక కూడా నేనే తీసి ఉతికి, మళ్ళీ పెడుతూ వచ్చాను. ఇన్నేళ్ళలో బండికి ఒక్క గీత పడిందా? లేదు. కిరణ్ ఇంజన్ కట్టించినప్పుడు మాత్రం ఆ మెకానిక్ అన్నయ్య తిరిగి పెట్టడం మర్చిపోయాడు. డాష్‌బోర్డు అరలో కనబడింది, శుభ్రమైన కవరులో మడిచి పెట్టాడు. గ్రీజు చేతులవాడు కదా, ఒక్క మరకన్నా ఉండాలా? లేదమ్మా. చేతులు కడుక్కుని ముట్టుకున్నాడన్నమాట. ఎంత పద్ధతైన మనిషో అనుకున్నాను. నేనే తీసి మళ్ళీ దాని చోట్లో పెట్టాను. పెట్టిన మర్నాడే ఇలా అయింది. అది లేకపోతే నా బిడ్డ ఈ మాత్రమైనా దక్కేవాడా?”

సౌజన్యకు లెక్క కుదిరింది. జాలీ ఉన్నన్నాళ్ళూ ఆ రుమాలు ఏ హానీ లేకుండా అక్కడే పడి ఉంది. జాలీ తీశాక రుమాలు అక్కడ ఉండకూడదని ఐలయ్యకు తెలుసు. దేవుడి వస్తువు, పారెయ్యలేడు. ఒక తల్లి నమ్మకం, వద్దని చెప్పనూ లేడు. అందుకే మాట్లాడకుండా కవరులో చుట్టి అరలో పెట్టాడు. ఆ ఒక్క మాట చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఫోటోలో ఊదా దారం చూడగానే జరిగిందంతా అర్థమై ఉంటుంది.

ఫోను మోగింది. నీలమ్మ. ఏడుస్తూ అరుస్తోంది.

“సౌజన్యమ్మా! మా ఆయన సంతకం పెట్టిండట! గుడ్డ నేనే మరిచిన అని రాసిచ్చిండట! కోర్టుకు తీస్కపోతున్నరమ్మా, జర ఏదన్న చెయ్యి!”

కృపమ్మ చేతిలో సూది ఆగింది. “గుడ్డా? ఏ గుడ్డమ్మా?”

ఈ వృత్తిలో సౌజన్య ఆడని అబద్ధం లేదు. కరెంటు మీటరు చూసేదాన్నని చెప్పి ఇళ్ళలో దూరింది, పెళ్ళికూతురి స్నేహితురాలినని చెప్పి భోజనాలు చేసింది. ఇప్పుడు మాత్రం ఒక్క అబద్ధమూ నాలుక మీదికి రాలేదు. చూపు ఊదా దారం మీదికి పోయింది. కృపమ్మ ఆ చూపును పట్టేసింది.

“ఆ ఫోన్లో ఏదో ఉంది. చూపించు.”

“వద్దండి.”

“చూపించమ్మా. ఎవరో సంతకం పెట్టాడంటున్నారు, ఎవరినో తీసుకుపోతున్నారంటున్నారు.”

సౌజన్య ఫోటో తీసి ఇచ్చింది. కృపమ్మ ఫోను మీద వేలితో ఆ కుట్లను తడిమింది.

“నా కుట్టే” అంది. “లోపలికి పోయిందా?”

“పోయిందండి.”

“బండిని చెడగొట్టింది ఇదేనా?”

“అవునండి.”

ఇంకెవరైనా అయితే గుండెలు బాదుకునేవాళ్ళు. కృపమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. కన్నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోలేదు.

“ఆ అన్నయ్యకు ఇది నాదని తెలుసా?”

“ఫోటో చూడగానే తెలిసింది. మొదట మీ అబ్బాయి ఎలా ఉన్నాడని అడిగాడండి. తర్వాత మీరెక్కడున్నారని అడిగాడు. ఆ తర్వాతే గుడ్డ నాదే అన్నాడు.”

కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. సౌజన్య ఆమె వీపు మీద చెయ్యి వేసి రాస్తూ కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. “కిరణ్ పాల్ వాళ్ళమ్మగారు మీరేనా?” అంది నర్సు. “కళ్ళు తెరిచాడండి. అమ్మా అంటున్నాడు. ఎక్కువ మాట్లాడించకండి.”

కృపమ్మ ఫోను తిరిగిచ్చి లేచింది. రెండడుగులు వేసి వెనక్కి చూసింది. “వాడికి చెప్పను. ఇప్పుడే చెప్పను. బతికి బయటపడనీ” అంటూ లోపలికి పోయింది. సౌజన్య అద్దంలోంచి చూస్తూ నిలబడింది. ఒంటి నిండా గొట్టాలు, కట్లు. తల్లి మొహం మీదికి వంగింది. కుర్రాడి పెదవులు మెల్లగా కదులుతున్నాయి. తల్లి వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి, కదలకుండా వింటోంది. ఇక్కడేమో గోడ గడియారం ఆగదు, కోర్టు ఆగదు. ఎస్సైకి ఫోను చేస్తే ఎత్తడం లేదు.

కృపమ్మ బయటికొచ్చింది. తలుపు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడిపోయింది.

“చెప్పారా అండి?” అంది సౌజన్య.

“నేను చెప్పలేదమ్మా. వాడే చెప్పాడు.” మాట కూడదీసుకుంది. “ఆ రోజు పొద్దున మూత తెరిచి చూశాడట. రుమాలు కనబడిందట. అక్కడ ఉండకూడదని వాడికి తెలుసు, ఇంజన్ పిచ్చోడు కదా. తియ్యబోయి, అమ్మ పెట్టింది కదా, చెప్పకుండా తీస్తే బాధపడుతుంది, సాయంత్రం వచ్చి చెప్పి తీద్దాంలే అని మూత వేసేశాడట. తప్పు నాదేనమ్మా, ఐలయ్యన్నని ఏమీ అననివ్వకు అంటున్నాడు.”

సౌజన్య ఫోను బ్యాగులో పడేసింది.

“నన్ను బాధపెట్టకూడదని వాడు, నన్ను బాధపెట్టకూడదని ఆ మనిషి” అంది కృపమ్మ. చెంపలు తుడుచుకుని సంచి భుజాన వేసుకుంది. “ఎవరైనా ఒక్కరు నాతో ఒక్క మాట అని ఉంటే పోయేది కదమ్మా! పద, ఆ కోర్టు ఎక్కడో చూపించు. సంతకం నేను పెట్టాలి.”

సౌజన్య బండి తాళం వెతుక్కునే లోపే ఆమె లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగుతోంది.